పిసరు పెళ్ళిచూపులు

బెల్లం వండే పాకలో పెరిగిన జంతువులకు నోట్లో తీపి ఎక్కువ, నోరూ ఎక్కువే. చెరకు తోటల మధ్య బుగతమ్మగారి పాకలో అయితే మరీనూ. అక్కడ ఒక ముసలి ఎద్దు, మాలచ్చి అనే గేదె, నూకాలు అనే పిల్లి, వాటన్నిటి కాళ్ళ సందుల్లోంచి తిరిగే పిసరు అనే కుక్క ఉండేవి. పిసరు ఎంత చిన్నదంటే, ఖాళీ బెల్లం బుట్టలో పడుకుంటే చెవులు కూడా పైకి కనబడవు.

ఆ పిసరుకు ఈడొచ్చింది. ఊళ్ళో ప్రతివాళ్ళూ "దాని పిల్లల్లో నాకొకటి" అని ముందే చెప్పి పెట్టుకున్నారు. బుగతమ్మకు ఎటూ తేలలేదు. పిల్లలు పుడితే ముద్దుగానే ఉంటాయి, ఈ గుప్పెడు కుక్క వాటిని కని బతుకుతుందా అని బెంగ. ఆలోచించి ఆలోచించి తలనొప్పి తెచ్చుకుని, చివరికి పశువుల డాక్టరుకు కబురు పెట్టింది. "మధ్యాహ్నం జీపు తెచ్చుకోండి బాబూ. గుమ్మంలో బుట్ట పెడతాను. అది ఎక్కి కూర్చుంటే తీసుకుపోయి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేయండి. దాక్కుంటే వదిలేయండి" అని చెప్పించి, బెల్లం బండితో సంతకు వెళ్ళిపోయింది.

ఆ మాటలు విన్న పిసరుకు పొద్దుటి నుంచి తిండి సహించలేదు. దానికి పిల్లలంటే ఇష్టం. చచ్చిపోవడమంటే భయం. దాని తల్లిదీ ఇదే ఒళ్ళు, తొలి కాన్పులోనే పోయింది.

"కనడమంటే అంత బెదురేటే గుంటా," అంది మాలచ్చి. "నాను పొద్దున్న కన్నాను, మద్దేనం కుడితి తాగినాను."

"నీ నడుం ఈ పాకంత ఉంది అత్తా. నా నడుం సూడు."

"నాకు కిందటేడు సేసినారు ఆపరేసను," అంది నూకాలు, గోడ మీద ఒళ్ళు విరుచుకుంటూ. "కడుపు మీద గోరంత గాటు. లేసి సూత్తే లోకం అలాగే ఉంది. నా ఎనకాల తిరిగే ఎదవలే లేరు. ఎంత పెశాంతమో."

పిసరు ఎద్దు వైపు తిరిగింది. "నువ్వేటంటావు పెద్దయ్యా?"

ఎద్దు నెమరు ఆపింది. "నన్నయితే ఎవులూ అడగలేదమ్మా. నలుగురొచ్చి పట్టుకున్నారు, పనైపోనాది. నీకు బుట్ట పెట్టి అడుగుతున్నారు. ఏదో ఒకటి నువ్వే సెప్పుకో, ఇంకోడి సేత సెప్పించుకోకు."

ఇంతలో చెరకు తోట కదిలి నక్క మావ వచ్చింది. వెంట దూడంత కుక్క ఒకటి. బుగతమ్మ కోళ్ళగూటికి ఇనుప వల వేయించిన దగ్గర్నుంచి నక్కకు డొక్కలు ఎండిపోయాయి. గడ్డిలో కళ్ళు తెరవని కుక్కపిల్లలు కదులుతుంటే ఎలా ఉంటుందో ఊహించుకుని, అది ఈమధ్యే పెళ్ళిళ్ళ పేరయ్య అవతారం ఎత్తింది.

"నీకోసం ఊళ్ళన్నీ తిరిగినాను తల్లీ," అంది నక్క. "సూడు పిల్లోడిని. పేరు బూపతి. ఇటికల బట్టీ కాడ కాపలా ఉద్దోగం. ఏదీ, అమ్మాయిని ఓపాలి నడిపించండి."

పిసరు నడిచింది.

"మొరుగుద్దా?"

పిసరు మొరిగింది. భూపతి సిగ్గుపడి చొల్లు కార్చుకున్నాడు.

"సుబ్బరంగా కుదిరింది," అంది నక్క. "పురుడు నానే పోత్తాను. నాకేటీ ఇవ్వక్కర్లేదు. తొలి కానుపులో ఒక్క పిల్లని పంపించు, మా ఇంట పెంచుకుంటాను." ఆ మాటతోపాటు గుటక మింగింది. పిసరు ఆ గుటకను చూసింది.

"పెళ్ళికొడుకుని నానూ సూసుకోవాలి కదా మావా," అని అందరినీ పాక వెనక గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఇటుక ఊడిన కంత ఒకటి ఉంది. ఎలుకల కోసం పిసరు రోజూ దూరేది అందులోంచే.

"పిల్లలకి తండ్రి తల వత్తాదంటారు. ఈయన తల ఇందులో పడితే నాను పెళ్ళికి సిద్ధం."

"అదేటే," అంది నక్క. "పుట్టేటప్పుడు ఏ తలైనా సిన్నగానే ఉంటాది."

"కానుపు దారి కూడా ఈ కంత కన్నా సిన్నదే మావా. నాను పెద్దదే సూపించినాను."

భూపతి కంతను చూశాడు, తన పాదాన్ని చూసుకున్నాడు. అబద్ధం ఆడటానికి కావలసిన తెలివి పాపం అతనికి లేదు. "మావా, నా కాలే పట్టేలా లేదు. ఈ పిల్ల సచ్చిపోద్దేమో."

నక్కకు నోటిదాకా వచ్చిన కూడు జారిపోతున్నట్టు అనిపించింది. "పట్టకపోడమేటి. ఆడదన్నాక సాగుద్ది, సర్దుకుంటాది. అంతా మనసులో ఉంటాది. ఇదిగో, ఇలా కొద్దిగా ఓర్సుకుని ఇటు తిప్పితే..." అంటూ తన తలనే కంతలో పెట్టి తోసింది. పిసరు అడ్డు చెప్పలేదు.

చెవులు ఇటుకలు దాటాయి. ఆ తర్వాత తల ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

నూకాలు పాకలోకి దూకి కబురు చెప్పింది. "తల కనబడింది. భుజాలు ఇంకా రాలేదు."

"ముక్కు నాయనా, ముక్కు," అంది మాలచ్చి, కానుపుల అలవాటు కొద్దీ.

"ఊపిరాడట్లేదు," నక్క లోపల్నుంచి ఏడ్చింది. "ఇంత ఇరుకులో ఏ పేణమైనా పడుద్దా? సచ్చిపోతాను."

"కాసేపు మనసులో సర్దుకో మావా," అంది పిసరు, బయట మిగిలిన నక్క తోకతో.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. పిసరు గుమ్మం దగ్గరికి నడిచింది. బుట్టలోకి ఎక్కి కూర్చుంది.

డాక్టరు ఊళ విని వెనక్కి వెళ్ళాడు. గోడ ఇవతల ఆయనకు కనబడింది వెనక సగమే, బూడిద రంగు ఒళ్ళూ, తోకా. దొరికిన వీధి కుక్కకల్లా ఆపరేషన్ చేయమని ఆయనకు పైనుంచి ఉత్తర్వు. పారిపోని కుక్క దొరకడం ఆ ఉద్యోగంలో ఒక భోగం.

"మగదే. కదలట్లేదు కూడా. మత్తు సూది పట్రా," అన్నాడు కాంపౌండరుతో.

సూది చూడగానే భూపతి ఇటుకల బట్టీ దాకా ఆగకుండా పరిగెత్తాడు. నక్క అటువైపు నుంచి మొత్తుకుంది. "బాబూ, నాను కుక్కని కాను, నక్కని. మా వంశమే వేరు. నన్ను ఓ మాట అడగండి." డాక్టరుకు వినబడింది ఒట్టి ఊళ. సూది పడింది, పనీ అయిపోయింది.

సబ్బు నీళ్ళు పోసి లాగితే మొహం బయటికొచ్చింది. కాంపౌండరు తెల్లబోయి, "సార్, ఇది నక్క" అన్నాడు.

డాక్టరు చేతులు కడుక్కుంటూ, "లెక్కలో కుక్కల్లోనే కలిపెయ్" అన్నాడు.

పిసరు కుట్లు మానాక తిరిగొచ్చింది. ఆ ఏడు మాలచ్చి మళ్ళీ ఈనింది. దూడ వాసన తగిలితే ఒక్కోసారి పిసరుకు లోపల చివుక్కుమనేది, ఏడుపు కూడా వచ్చేది. ఏడవడానికైనా బతికి ఉన్నాను కదా అనుకునేది. "నువ్వు కంటా ఉండు అత్తా, నాను ఆడిత్తా ఉంటాను" అని దూడతో పాకంతా పరుగులు తీసేది.

నక్క ఇంకా ఆ చెరకు తోటలోనే ఉంది. గొంతు సన్నబడింది. ఎవరైనా పెళ్ళి సంబంధం మాటెత్తితే లేచి అవతలి గట్టుకు పోతుంది.

పరాయి కడుపు మీద సలహా చెప్పాలని నోరు దురద పుట్టినవాళ్ళు, ముందు ఆ కంతలో తమ తల పెట్టి చూసుకోవాలి.