సత్యవేణి చెప్పిన కొలత

మూడోసారి కూడా సత్యవేణి ఆ మాటే అంది.

"మీ ఇష్టం డాక్టరమ్మా. మీరేది పెడితే అదే."

డాక్టర్ మృదుల బల్ల మీద పరిచిన సిలికాన్ నమూనాలను మళ్లీ పెట్టెలో సర్దింది. గుండ్రటివి, నీటిచుక్కలా కింద బరువుగా ఉండేవి, ముందుకు బాగా ఎత్తుగా వచ్చేవి, పల్చగా పరుచుకునేవి. ఒక్కోదాని మీద ఒక్కో అంకె. అరగంటసేపు విడమరిచి చెప్పినా సత్యవేణి వాటిని చేత్తో ముట్టుకోనైనా లేదు. చీర కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, దండం పెట్టి, వార్డుకి వెళ్లిపోయింది.

సత్యవేణికి యాభై నాలుగేళ్లు. పద్నాలుగేళ్ల కిందట క్యాన్సర్ వచ్చి రెండు రొమ్ములూ తీసేశారు. వాటి చోట సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టారు. దాతలెవరో ఇచ్చినవి. అప్పుడు ఉన్నది ఒక్కటే సైజు, అదే పెట్టారు. ఇప్పుడు కుడివైపుది లోపల చిట్లిందని స్కానింగులో తేలింది. రెండూ తీసి కొత్తవి పెట్టాలి. ఎంత సైజు, ఏ ఆకారం అన్నదే తేలడం లేదు.

మృదుల మూడేళ్లుగా డాక్టర్ హైమవతి దగ్గర ఈ విద్య నేర్చుకుంటోంది. కాకినాడలోని ఆ ఆసుపత్రిలో హైమవతి గురించి ఒక మాట ఉంది, ఆవిడ పాఠం చెప్పదు, పని చెబుతుందని. ఆ నెల మొదట్లో ఆవిడ సత్యవేణి ఫైలు మృదుల చేతిలో పెట్టి, "ఇది నువ్వు చెయ్యి. నేను చూస్తుంటాను" అంది. ఇలాంటి ఆపరేషన్ మృదుల సొంతంగా చేయడం అదే మొదలు. సత్యవేణి ఛాతీ వెడల్పు, చర్మం మందం, సాగుడు, రెండు వైపులా తేడా, అన్నీ మిల్లీమీటర్లతో సహా రాసింది. అలా కొలవడం ఆసుపత్రిలో ఇంకెవరికీ రాదని ఆమెకి తెలుసు. అందరికీ తెలుసు.

మధ్యాహ్నం ఫైలు పట్టుకుని హైమవతి గదికి వెళ్లింది. ఆవిడ క్యారేజీ విప్పుకుని పెరుగన్నం తింటోంది.

"కూర్చో. తిన్నావా?"

"తర్వాత తింటాను మేడం. సత్యవేణి సంగతి తేల్చాను. నాలుగు వందల ఇరవై సీసీ. గుండ్రటివి, ముందుకు ఎత్తుగా ఉండేవి."

"పాతవి?"

"నాలుగు వందలు. ఇన్నేళ్లకి చర్మం సాగింది. సైజు తగ్గిస్తే వదులై ముడతలు పడుతుంది. కొంచెం పెంచితే బిగువుగా, అందంగా వస్తుంది."

"ఆవిడేమంది?"

"ఒప్పుకుంది."

హైమవతి మాగాయ ముక్క నోట్లో పెట్టుకుని నింపాదిగా నమిలింది.

"ఒప్పుకుందా, ఊరుకుందా?"

మృదులకి చురుక్కుమంది. "ఆవిడకి దేని మీదా పట్టింపు లేదు మేడం. మూడుసార్లు కూర్చోబెట్టి చెప్పాను. మీ ఇష్టం, మీ ఇష్టం అంటుంది. ఎవరో ఒకరు తేల్చాలి కదా? ఓ యాభై అటూ ఇటూ అయితే ఆవిడకేం తెలుస్తుంది?"

హైమవతి చెయ్యి కడుక్కుని వచ్చి ఫైలు తిరగేసింది. వృత్తి అన్న చోట 'గృహిణి' అని ఉంది. పరీక్షలో కనిపించినవి రాసిన చోట ఒక వరుస దగ్గర వేలు ఆపింది.

"ఈ కాలిన మచ్చేమిటి?"

"పాతదే మేడం. కుడివైపు లోపలి అంచున. కోతకి అడ్డం రాదు."

హైమవతి ఫైలు మూసి, చేసంచీ భుజాన వేసుకుని లేచింది. "నమూనాల పెట్టె తీసుకురా" అంది.

వార్డులో సత్యవేణి మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. పెద్ద డాక్టరు రావడం చూసి దిగబోయింది. హైమవతి ఆమె భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టి, తనూ మంచం చివర కూర్చుంది.

"ఏ ఊరమ్మా మీది?"

"ఆత్రేయపురం పక్కనేనండి."

"అయితే రేకులు తీస్తావా?"

సత్యవేణి ముఖం విచ్చుకుంది. "పెళ్లయిన కాడినుంచీ అదే పనండి. రోజుకి మూడొందలకి తక్కువ తియ్యను. మా వీధిలో నా అంత పల్చగా తీసేవాళ్లు లేరు. మీరు ఎవర్నన్నా అడగండి."

తలుపు దగ్గర నిలబడ్డ మృదుల ఆ గొంతు వినడం అదే మొదటిసారి. తన గదిలో మూడుసార్లు విన్నది వేరే గొంతు.

"పూతరేకులు తినడమేగాని, తీయడం చూడలేదు మా అమ్మాయి" అంది హైమవతి, మృదులని చూపిస్తూ. "కాస్త నేర్పుతావా?"

"ఇక్కడా!"

"ఇక్కడే."

ఆ వార్డు నర్సు గ్రేసమ్మ హైమవతి చెప్పినవన్నీ తెచ్చింది. ఒక పొట్టి పీట, పెద్ద స్టీలు బేసిను, పల్చటి గుడ్డ, పిండికి బదులు గిన్నెలో నీళ్లు. బేసినుని నేల మీద బోర్లించి, కింద రెండు ఇటుకలు పెట్టి, సత్యవేణి చెప్పినంత ఎత్తుకి తెచ్చారు. గ్రేసమ్మ మంచం చుట్టూ తెర లాగింది.

హైమవతి తన సంచీలోంచి పౌడరు డబ్బా తీసి, బోర్లించిన బేసిను మీద దట్టంగా చల్లింది.

"ఇదెందుకు మేడం?"

"ఇది పొయ్యి మీద బోర్లించిన కుండ, కాలుతోందనుకో. ఆ పెట్టెలోంచి నాలుగు వందలవి తీసి, లోపల పెట్టుకుని కూర్చో."

మృదుల నవ్వింది. హైమవతి నవ్వలేదు. గ్రేసమ్మ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మృదుల బక్కపలచటి మనిషి. తెల్లకోటు విప్పి, అటు తిరిగి, ముదురు నీలం కుర్తా లోపల ఆ రెండు నమూనాలనూ ఎలాగో సర్దుకుని, పీట మీద కూర్చుంది. ఒక్కోటీ అరకిలోకి కాస్త తక్కువ. ఇన్నాళ్లూ వాటిని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పడమే గాని, మోయలేదు.

"గుడ్డ రెండు కొసలూ పట్టుకో" అంది సత్యవేణి. మంచం దిగి వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "పిండిలో ముంచు. పరిచెయ్. ఆ కొస నుంచి ఈ కొసకి లాగెయ్యాలి. అలా కాదు తల్లీ, భుజం బిగబట్టకు. నడుం వంచు. ఇంకా వంచు. అవతలి అంచు అందాలి కదా?"

'డాక్టరమ్మా' ఎప్పుడు 'తల్లీ' అయిందో ఇద్దరూ గమనించలేదు.

మృదుల వంగింది. తన చేతులు తనకే కనిపించలేదు. లాగుతుంటే మోచెయ్యి ఛాతీకి తగిలి గుడ్డ వంకర పోయింది.

"ఆగకూడదు. కుండ మీద గుడ్డ ఆగిందంటే రేకు మాడిపోతుంది. మళ్లీ ముంచు."

మళ్లీ ముంచింది. నాలుగోసారికి మెడ లాగింది. ఏడోసారికి వీపు మధ్యలో మంట మొదలైంది. పదోసారి గుడ్డ ఒక్క ఊపులో చక్కగా వచ్చింది. "అద్గదీ!" అని సత్యవేణి ఆమె వీపు మీద చరిచింది.

మృదుల రొప్పుతూ, నవ్వుతూ లేచి నిలబడింది. అప్పుడు చూసుకుంది.

నీలం కుర్తా మీద తెల్లటి పౌడరు మచ్చ. ఎడమవైపు లేదు. కుడివైపు, లోపలి అంచున, అవతలి కొసకి వంగినప్పుడల్లా బేసినుకి ఆనిన చోట.

నవ్వు ఆగిపోయింది. సత్యవేణి చెయ్యి తనకు తెలియకుండానే తన కొంగు కిందికి, అదే చోటుకి వెళ్లింది.

"ఎప్పుడు కాలింది?" అని అడిగింది మృదుల.

"ఏ సారి?" అంది సత్యవేణి.

మృదుల పీట మీద మళ్లీ కూర్చుండిపోయింది.

"అక్కడ స్పర్శ ఉండదు కదమ్మా" అంది సత్యవేణి, ఆమెను ఓదారుస్తున్నట్టు. "చీర కమిలిన వాసన వస్తేగాని తెలియదు. మూడు నాలుగుసార్లు మానిపోయింది. ఈ ఒక్కటే మచ్చ కట్టింది. ఇప్పుడు తడిగుడ్డ మడతపెట్టి అడ్డం కట్టుకుంటున్నాలే."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అందంగా రావాలి, ముడతలు పడకూడదు అని అంత ఆపేక్షగా చెబుతుంటే మా పొయ్యి గోల మీకేం చెప్పనూ?"

మృదుల నమూనాల పెట్టె లాక్కుని, నేల మీదే, ఆమె ఎదురుగా మూత తీసింది.

"ఇప్పుడు చెప్పండి. అసలు ఏమీ వద్దన్నా చేస్తాం. పాతవి తీసేసి, చదునుగా కుట్టేస్తాం."

"అమ్మో, వద్దనుకోలేదమ్మా. జాకెట్టు వేసుకుంటే జాకెట్టులా ఉండాలి. పెళ్లిళ్లకి వెళ్తాను నేను."

సత్యవేణి మొదటిసారి పెట్టెలో చెయ్యి పెట్టింది. ఒక్కోటీ తీసి అరచేతిలో తూచింది. కొన్నిటిని కొంగు మీద ఛాతీకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, చేతులు ముందుకి చాపి, గుడ్డ లాగినట్టు లాగింది. గుండ్రటివీ ఎత్తైనవీ పక్కన పెట్టేసింది. చివరికి పల్చగా, వెడల్పుగా ఉన్నదాన్ని తీసి మృదుల చేతిలో పెట్టింది. రెండు వందల నలభై.

"ఇది."

మృదుల నోటి దాకా ఒక మాట వచ్చింది. మింగేసి, ఇంకొకటి అంది. "ఇవి పెడితే చర్మం మిగిలిపోతుంది. కొంత కత్తిరించాలి. అందుకని గీత పొడుగవుతుంది. అంచుల్లో ముడతలు కనిపించొచ్చు. ఇంకొకటి, ఏ సైజు పెట్టినా స్పర్శ మాత్రం తిరిగి రాదు. పొయ్యి దగ్గర జాగ్రత్త తప్పదు."

సత్యవేణి అన్నీ విన్నది. ఈసారి ఊఁ కొట్టి ఊరుకోలేదు.

"గీత ఎంతుంటుంది?"

మృదుల తన ఛాతీ మీదే వేలితో గీసి చూపించింది.

"మళ్లీ రేకులు ఎన్నాళ్లకి తియ్యొచ్చు?"

"రెండు నెలలు ఆగండి. నేను చూసి చెబుతాను."

"పక్కకి తిరిగి పడుకోవచ్చా? పద్నాలుగేళ్లుగా వెల్లకిలా పడుకుంటున్నానమ్మా. పక్కకి తిరిగితే రాళ్ల మీద పడుకున్నట్టుంటుంది."

"పడుకోవచ్చు. మానాక, పడుకోవచ్చు."

"అయితే ఇవే పెట్టండి. ముడతలంటారా, ఈ వయసులో నాకు ముడతలు ఎక్కడ లేవు?"

బయటికి వచ్చాక వరండాలో మృదుల కుర్తా దులుపుకోకుండానే నడిచింది.

"నేను చూడలేదు మేడం" అంది.

"చూశావమ్మా" అంది హైమవతి. "ఆ మచ్చ రెండు సెంటీమీటర్లని కొలిచి రాశావు కూడా."

ఆవిడ క్యాంటీన్ వైపు తిప్పి, మృదుల చేత ఇడ్లీ తినిపించింది.

ఆపరేషన్ గురువారం ఉదయం. మత్తు ఇచ్చే ముందు సత్యవేణిని నిలబెట్టి మృదుల ఛాతీ మీద పెన్నుతో గీతలు గీసింది. గీస్తున్నంతసేపూ ఏ గీత ఎందుకో చెబుతూనే ఉంది. సత్యవేణి ఒకచోట ఆపి, "ఇంకాస్త కిందికి రాదా? జాకెట్టు మెడ అక్కడికి వస్తుంది" అంది. మృదుల తుడిచి, వేలి వెడల్పంత కిందికి మళ్లీ గీసింది.

"రెండు వందల నలభై. పల్చనివి. మీ మాటేనా?"

"నా మాటే."

"మళ్లీ ఆలోచించుకోవాలనుంటే ఇప్పుడైనా చెప్పొచ్చు. నాకేం తొందర లేదు."

"పద తల్లీ" అంది సత్యవేణి. "చలేస్తోంది."

థియేటర్లో సత్యవేణి మత్తులోకి జారుకున్నాక, మృదుల చేతులు కడుక్కుని వచ్చి, అలవాటు ప్రకారం బల్లకి అవతలి వైపు నిలబడబోయింది. సహాయంగా ఉండేవాళ్ల చోటు అది. మూడేళ్లుగా ఆమె నిలబడ్డ చోటు.

అక్కడ అప్పటికే ఎవరో ఉన్నారు.

హైమవతి గ్లోవ్స్ తొడుక్కుని, చర్మపు అంచులు పట్టి ఉంచే కొక్కెం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మృదుల ఇవతలికి వచ్చి నిలబడేదాకా ఆగి, తల కాస్త వంచింది.

"చెప్పండి డాక్టరుగారూ" అంది. "ఎక్కడ పట్టుకోమంటారు?"