మూత పెట్టిన రాయి

శితికంఠానికి తన తప్పు పొద్దున తొమ్మిదింటికి దొరికింది. పదయ్యేసరికి జ్వరం వచ్చినవాడిలా అయిపోయాడు.

తప్పు చిన్నదే. పది వెయ్యాల్సిన చోట ఎనిమిది వేశాడు.

శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చినప్పుడు ఆ వెలుగులో మునిగిపోయి కొన్నాళ్ళు కంటికి ఆనడు. దాన్నే మూఢం అంటారు. మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు. శుక్రుడు మళ్ళీ ఎప్పుడు బయటపడతాడో లెక్కగట్టి చెప్పడం పంచాంగం కట్టేవాళ్ళ పని. శుక్రుడు సూర్యుడికి ఇవతల, మనవైపు ఉన్నప్పుడు పెద్దగా కనిపిస్తాడు. ఎనిమిది డిగ్రీలు పక్కకి జరిగితే చాలు. అవతల ఉన్నప్పుడు చిన్నగా కనిపిస్తాడు. పది డిగ్రీలు జరగాలి. ఈసారి అవతల ఉన్నాడు. శితికంఠం ఇవతలి అంకె వేశాడు. కాగితం మీద మూఢం ఎనిమిది రోజులు ముందే ముగిసిపోయింది.

ఆ ఎనిమిది రోజుల్లో ఒక పెళ్ళి ఉంది. ఎల్లుండే. ముహూర్తం పెట్టినవాడు కూడా శితికంఠమే.

అతను విశ్వపతి సిద్ధాంతిగారి దగ్గర పదేళ్ళుగా గణితం నేర్చుకుంటున్నాడు. నెల క్రితం సిద్ధాంతిగారు కళ్ళు చూపించుకోవడానికి గుంటూరు వెళ్ళినప్పుడు, బస్టాండు దగ్గర టీకొట్టు నడిపే తిరపతమ్మ కూతురు నాంచారి పెళ్ళికి ముహూర్తం అడగడానికి వచ్చింది. "గురువుగారు వచ్చాక అడగమంటారా?" అంది. "ఇంతదానికి ఆయనెందుకమ్మా" అన్నాడు శితికంఠం.

సిద్ధాంతిగారు అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నారు. కళ్ళకి పొర కమ్మి ఉంది. ఆపరేషను చైత్రంలో చేస్తామన్నారు. అందాకా వేళ్ళతోనే చూస్తున్నారు.

శితికంఠం జరిగిందంతా చెప్పాడు. ఆయన చేతిలో చిక్కుడుకాయ పూర్తి చేసి అడిగారు.

"తిరపతమ్మకి చెప్పావా?"

"లేదు గురువుగారూ. ముందు మీకు..."

"పెళ్ళి నాది కాదుగా. వెళ్ళి చెప్పు."

"ఏమని చెప్పను?"

"జరిగింది జరిగినట్టు."

టీకొట్టు దగ్గర నలుగురు ఉన్నారు. శితికంఠం వాళ్ళు వెళ్ళిందాకా ఆగి చెప్పాడు. తిరపతమ్మ చేతిలో వడకట్టే గుడ్డ అలాగే ఉండిపోయింది.

"అంటే ఎల్లుండి కుదరదంటారా?"

"శాస్త్ర ప్రకారం ఇంకో అయిదు రోజులు ఆగాలమ్మా."

"ఆదివారం పెళ్ళికొడుకు రైలెక్కాల. మిలట్రీ వుద్యోగం, లద్దాఖులో వుంటాడు, మంచులో. మళ్ళీ సెలవు ఎప్పుడిస్తారో వాడికే తెలవదు." ఆమె గుడ్డ కింద పెట్టింది. "పోయినేడు కూడా ఇట్టాగే సెలవు దొరక్క ఆగింది పెళ్ళి. నాంచారి చెప్పదు గానీ, రాత్రి వార్తలు చూసి అన్నం మానేసుద్ది. ఇంకో ఏడాది ఎట్టా ఆగమనయ్యా దాన్ని?"

శితికంఠం తల వంచుకున్నాడు.

"కాదని చేద్దామంటే, రేపు ఆ పిల్లోడికి చిన్న దగ్గొచ్చినా మా వియ్యపురాలు మూఢంలో చేశారంటది. నేనూ అనుకుంటాను. పద, మీ గురువుగారి దగ్గిరికి" అంటూ ఆమె స్టవ్ ఆపేసింది.

సిద్ధాంతిగారు ఆమె చెప్పిందంతా విన్నారు. ఆమె ఆయన్నేమీ అనలేదు కానీ శితికంఠాన్ని మాత్రం వదిలిపెట్టలేదు. ఆయన అడ్డుపడలేదు.

"ఇవాళ శుక్రుడు సూర్యుడికి ఎంత దూరంలో ఉన్నాడు?" అని శిష్యుణ్ణి అడిగారు చివరికి.

"ఎనిమిదిన్నర దాటింది."

"మూఢం అంటే ఏమిటి?"

"పది డిగ్రీల లోపల..."

"నేను అంకె అడగలేదు."

"కనిపించకపోవడం" అన్నాడు శితికంఠం.

"ఆ పది ఎక్కణ్ణించి వచ్చింది మరి?"

పదేళ్ళలో ఆ ప్రశ్న శితికంఠానికి తోచనే లేదు.

"ఎవరో ఒక సాయంత్రం పూట నిలబడి చూస్తే వచ్చింది" అన్నారు సిద్ధాంతిగారు. "మనమూ నిలబడదాం. తిరపతమ్మా, అయిదున్నరకి కొట్టు కట్టేసి కృష్ణ ఒడ్డుకి రా."

సాయంత్రం ముగ్గురూ ఇసుకలో నిలబడ్డారు. పడమటి దిక్కున ఏరు వెడల్పుగా ఉంది. అవతలి గట్టు మీద కరెంటు స్తంభాల వరస తప్ప అడ్డం ఏమీ లేదు. మాఘమాసం, ఆకాశం కడిగినట్టుంది. సూర్యుడు వరసలో మూడో స్తంభం వెనక దిగాడు.

శుక్రుడు ఎక్కడ కనిపించాలో శితికంఠం మధ్యాహ్నమే లెక్క చూసుకున్నాడు. సూర్యుడు మునిగిన చోటుకి దాదాపు నిట్టనిలువుగా, ఒక వేలు వెడల్పు కుడికి. సిద్ధాంతిగారు అది చెవిలో చెప్పించుకున్నారు.

"ఇక నోరు విప్పకు. ఎటు చూడాలో ఆవిడకి చెప్పకు" అన్నారు.

వెలుగు తగ్గడానికి ఇంకా ఇరవై నిమిషాలు పడుతుంది. తిరపతమ్మకి నిలబడటం చేతకావడం లేదు. చెంగు మెలితిప్పుతోంది, వదులుతోంది.

"ఇంతకీ ఏంది సామీ ఆ శుక్రుడు? నా బిడ్డతో ఆయనకేం పగ?"

సిద్ధాంతిగారు వంగి ఇసుకలో తడుముకుంటూ నాలుగు గులకరాళ్ళు ఏరారు. రెండు ఉసిరికాయలంత, ఒకటి కుంకుడుకాయంత, ఒకటి ఇంకా చిన్నది, శనగగింజంత. ఆమె అరచేతిలో పెట్టారు.

"సూర్యుడి దగ్గర్నుంచి వరసగా ఇవి నాలుగు. అన్నీ రాళ్ళే. ఆ తర్వాత వచ్చే గురుడు, శని గాలిమూటలు, నిలబడదామంటే నేల ఉండదు. ఈ నాలుగింటి మీదే నేల ఉంది. ఈ బుడ్డది బుధుడు. సూర్యుడి పక్కనే తిరుగుతాడు, ఎనభై ఎనిమిది రోజులకే ఏడాది అయిపోతుంది. ఒంటి మీద గాలి లేదు. పగలు మాడిపోతాడు, రాత్రి గడ్డకట్టిపోతాడు."

"దుప్పటి లేనోడన్నమాట."

"అంతే. ఈ రెండూ చూడు. ఒకటి శుక్రుడు, ఒకటి మనం."

తిరపతమ్మ రెండు రాళ్ళూ వేళ్ళతో తిప్పి చూసింది. "ఏది ఏదో ఎట్టా తెలుసుద్ది? ఒకే ఈడు పిల్లల్లాగున్నాయి."

"మనం ఒక పిసరు పెద్ద. కానీ అక్కడ సీసం కరిగి నీళ్ళవుతుంది. రష్యావాళ్ళు యంత్రాన్ని దింపితే రెండు గంటలకే ఆగిపోయింది. బుధుడి కన్నా వేడి."

"దూరంగా వున్నోడు ఎక్కువ వేడా? అదెట్టా?"

"నీ కొట్టులో టీ ఎప్పుడు తొందరగా మరుగుతుంది?"

"మూత పెడితే." అని ఆమె ఒక్క క్షణం రాయి వైపు చూసి, "ఆయనకి మూత వుందా?" అంది.

"తెల్లటి మబ్బులు, ఎక్కడా సందు లేకుండా. వేడి లోపలే ఉండిపోతుంది. పైన పడ్డ ఎండ మాత్రం ఆ తెలుపు మీంచి తిరిగి వస్తుంది. అందుకే అంత మెరుపు."

శితికంఠం ఆ సంగతి చదివినవాడే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు. కానీ ఆ మెరుపుకీ తను వేసిన అంకెకీ సంబంధం ఉందని ఇప్పుడే తట్టింది. మూత అంత తెల్లగా ఉంటే ఎనిమిదిన్నర దగ్గర కూడా కనిపించవచ్చు.

"మరి ఈ కుంకుడుకాయ?"

"కుజుడు. మనలో సగం ఉంటాడు. చలి. ఆ ఎరుపంతా ఇనుప తుప్పు."

తిరపతమ్మ నోరు తెరిచింది. "తుప్పు పట్టిన రాయికా నేను కుజదోషమని తొమ్మిది మంగళవారాలు కందిపప్పు దానం చేసింది?"

"తిన్నవాడి కడుపు నిండిందిగా" అన్నారు సిద్ధాంతిగారు. ఆమెకి పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వొచ్చింది.

ఎరుపు బూడిద రంగులోకి దిగుతోంది. శితికంఠం కళ్ళార్పకుండా చూస్తున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడో స్తంభం మీద ఏదో తళుక్కుమన్నట్టయింది. తుడుచుకుని చూస్తే లేదు.

"శితికంఠం, కనిపించిందా?"

గురువుగారి కళ్ళకి పొర. తిరపతమ్మకి ఎటు చూడాలో తెలియదు. 'ఆ' అని ఒక్క అక్షరం అంటే చాలు, నాంచారి పెళ్ళి జరిగిపోతుంది, తన పరువు నిలుస్తుంది, ఎవరూ కాదనలేరు. ఆ అక్షరం నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదు గురువుగారూ" అన్నాడు.

"సరే. చూస్తూ ఉండు."

రెండు నిమిషాలు గడిచాయి. ఏటి మీద కొంగలు వరసగా పోయాయి.

"సామీ," అంది తిరపతమ్మ మెల్లిగా, "ఆ స్తంభం నెత్తిన వున్నది లైటా?"

"ఏ స్తంభం?"

"పొద్దు గుంకిన కాడ, మూడోది. సరిగ్గా పైన కాదు, కాస్త కుడిపక్కకి. సూది మొనంత వుంది. తెల్లగా. మూడు వేళ్ళెత్తున." ఆమె చెయ్యి చాచి వేళ్ళు అడ్డం పెట్టి చూపించింది. "కదలట్లా. లైటయితే గట్టు మీద వుండాల గదా?"

శితికంఠం ఆమె చూపుడువేలి వెంట చూశాడు. లెక్కలో వచ్చిన చోటే. అదిగో. ఒకసారి దొరికాక ఇక వదలలేదు. అంతసేపూ అక్కడే ఉన్నట్టుంది.

"కనిపిస్తోంది గురువుగారూ! కనిపిస్తోంది!"

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ!"

శితికంఠం ఇసుకలో కూలబడిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియలేదు.

తిరపతమ్మ చేతులు జోడించి ఆ చుక్కకి దణ్ణం పెట్టింది. రాయి అని తెలిసి కూడా పెట్టింది. ఆ తర్వాత శితికంఠం వైపు తిరిగింది.

"లెయ్యి పంతులూ, పంచె తడిసిపోతంది. ఎల్లుండి తాళి కట్టేదాకా నువ్వు నా కళ్ళ ముందే వుండాల." అంటూనే చెంగుతో కళ్ళు ఒత్తుకుని, ఫోను తీసింది. "నాంచారీ! ఏమే, గోరింటాకు రుబ్బావా? రుబ్బు, రుబ్బు. నేనొస్తన్నా" అంటూ గట్టెక్కి వెళ్ళిపోయింది. ఆమె గొంతు చాలా దూరం వినిపించింది.

గురుశిష్యులు నెమ్మదిగా ఇంటికి నడిచారు. శితికంఠం గురువుగారి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. అతని ఒళ్ళు దూదిలా తేలికగా ఉంది. ఆ తేలికలో ఒక ఆశ పుట్టింది.

"గురువుగారూ, ఎనిమిదిన్నరకే కనిపించాడుగా. అయితే నేను వేసిన ఎనిమిది మరీ అంత తప్పు కాదేమో?"

"నువ్వు చూసి వేశావా?"

ఇంటికి వచ్చాక శితికంఠం దీపం దగ్గర లెక్కల పుస్తకం తెరిచాడు. కలం పట్టుకుని అడిగాడు.

"వచ్చే పంచాంగంలో ఎంత వెయ్యమంటారు?"

"పదే వెయ్యి. అందరివీ తిరపతమ్మ కళ్ళు కావు" అన్నారు సిద్ధాంతిగారు. "పక్కన ఈ రోజు తేదీ వేసి, ఎనిమిదిన్నర అని రాసి, చూసినవాళ్ళ పేర్లు పెట్టు."

శితికంఠం ఎనిమిది కొట్టేసి పది వేశాడు. తేదీ వేశాడు. తిరపతమ్మ పేరు రాశాడు. దాని కింద ఒక వరస వదిలి, చిన్న అక్షరాలతో తన పేరు రాసుకున్నాడు.