వేడి చిలగడదుంప

మాఘ శుద్ధ పంచమి, బుధవారం. పాత జపాను పట్నంలో సన్నగా మంచు కురుస్తోంది. అలాంటి రోజుల్లో కథకుల దగ్గరే జనం ఎక్కువ, ఇంట్లో కుంపటి ఖర్చు తప్పుతుందని. ముసలి గెన్పాచి కూర్చున్నచోటే ఒక్క విసనకర్రనే కత్తిగా, కలంగా, తిండిగా చూపిస్తూ చెప్పే హాస్యకథలను బొమ్మలు గీసే ఒసెన్ పేజీకిన్ని గళ్ళుగా బొమ్మలకథల పుస్తకం చేసింది.

కొత్వాలు ఆమెను పిలిపించాడు. "గెన్పాచి తిన్నట్టు నటించింది విసనకర్రని. నువ్వు చిలగడదుంప గీశావు. అబద్ధపు పుస్తకం, తగలబెట్టండి."

ఏడాది కష్టం బూడిదయ్యేలా ఉంది. ఒసెన్ నెమ్మదిగా అంది: "అయ్యా, మొన్న గెన్పాచి కథ చెబుతుంటే ముందువరసలోంచి 'ఊదుకుని తినవయ్యా, నాలుక కాలుతుంది' అన్నది తమరే. విసనకర్రని ఊదుకు తినమని తమరంటారా? తమకు కనబడిందే గీశాను."

బంట్రోతులు నవ్వు ఆపుకోలేకపోయారు. కొత్వాలు పుస్తకం తిరిగిచ్చేశాడు.

కొన్నాళ్ళకి గెన్పాచి చనిపోతూ కథలన్నీ ఒసెన్‌కీ, ఇల్లు తన చెల్లెలికీ ఇచ్చాడు. కథ మొదలెట్టగానే గురకపెట్టే అల్లుడికి మాత్రం ఏమీ దక్కలేదు.