దీపం పలికిన పేరు

అనీస్‌కి మూడు రోజులుగా రొట్టె సయించడం లేదు. దర్గాలో దీపం అతన్ని పేరు పెట్టి పిలుస్తోంది.

సిరియా కొండల్లో ఉన్న ఆ దర్గాలో, ఎప్పుడో కన్నుమూసిన ఒక పీరు సమాధి తలాపున ఆ దీపం పెడతారు. దర్గా తోటలోని ఆలివ్ కాయల నూనెతోనే అది వెలగాలి. ఆ ఏడు తోట బాధ్యత అక్కడి శిష్యుల్లో అనీస్ చేతికొచ్చింది. మొదటి కోత కాయలు గానుగాడించి అతనే నూనె తెచ్చాడు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక వత్తి ముట్టించగానే మంట వణికేది. కాసేపటికి, ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి వదిలినట్టు, "అ... నీస్స్స్" అనేది.

మిగతా శిష్యులూ విన్నారు. ఇద్దరు అటు రావడమే మానేశారు. అనీస్ కూడా హడలిపోయాడు. కానీ ఆ భయం అడుగున ఒక తీపి ఉంది. నలభై మందిలో పీరు తననే పిలిచాడు!

నాలుగో సాయంత్రం అతను తమ గురువైన షేక్ నూమాన్‌ని దీపం దగ్గరికి తీసుకొచ్చాడు.

"హజ్రత్, పీరుగారు పిలుస్తున్నారు. నేనేం చెయ్యాలి?"

ముసలాయన కళ్ళు మూసుకుని దీపం ముందు కూచున్నాడు. మంట మళ్ళీ ఆ పేరే అంది.

"నాకూ వినబడింది," అన్నాడాయన. "తోటకి పద."

ఎండాకాలమంతా అనీస్ ఊట కాలవని తన చెట్లకే తిప్పుకున్నాడు. కాపు మరీ ఎక్కువైతే పిందెలు కొన్ని దులిపేయడం అక్కడి వాడుక. అతను ఒక్క పిందెనీ రాల్చనివ్వలేదు. ఇప్పుడు కొమ్మలు నేలకి ఆనుకున్నాయి. గాలి లేదు. అయినా చెట్లు సన్నగా మూలుగుతున్నాయి.

"ఒక కాయ కోసి చేత్తో నలుపు," అన్నాడు షేక్.

నిగనిగలాడే కాయ పిడికిట్లో చితికింది. చల్లటి నీళ్ళు మణికట్టు దాకా కారాయి. వాసన లేదు.

కాలవ అందని రాళ్ళ మధ్య ఒక చెట్టుంది. దానికి పట్టుమని పాతిక కాయలు కూడా లేవు. షేక్ ఒక ముడతల కాయ కోసి, అనీస్ రెండో అరచేతిలో పెట్టి నలిపాడు. చెయ్యి జిడ్డుగా మెరిసింది.

వెనకాల ఎక్కడో ఒక కొమ్మ, కాయలతో సహా, ఫెళ్ళున విరిగింది. అనీస్ ఉలిక్కిపడ్డాడు. షేక్ తిరిగి చూడలేదు.

దర్గాలోకొచ్చి ఆయన దీపం ఆర్పి, ప్రమిదని గాజు గిన్నెలోకి వంచాడు. పైన పల్చటి నూనె తేలింది. కింద అంతా మురికి నీళ్ళు. ప్రమిద తుడిచి, కొత్త వత్తి వేసి, తన గదిలోంచి పోయినేటి నూనె తెచ్చి పోశాడు.

మంట నిటారుగా నిలబడింది. చప్పుడు లేదు.

అనీస్ చాలాసేపు చెవులు రిక్కించి కూచున్నాడు. పిలుపు కంటే ఆ నిశ్శబ్దమే అతన్ని ఎక్కువ వణికించింది.

"అయితే నన్నెవరూ పిలవలేదా, హజ్రత్?"

"పలికింది నీ పేరే, బిడ్డా," అన్నాడు షేక్. "అందులో నీళ్ళు పోసింది నువ్వే కదా."