చెమట పట్టిన కంచు చిలుక

వినండర్రా పిల్లలూ! ఒకానొక కాలంలో ఒక రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. వాళ్ల రాజ్యంలో ఇంటింటా ధూమాక్షుడనే మాంత్రికుడు పోతపోసి పంపిన కంచు గిన్నెలే. వాటిలో వండింది తిని పిల్లలు కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే రాజు మాత్రం, "మేలిమి అని ముద్ర ఉందిగా! ఇంకేం కావాలి?" అనేవాడు.

"ముద్రను కాదు నాన్నగారూ, లోహాన్ని అడగాలి!" అని పెద్దకొడుకు ఆ మాంత్రికుణ్ణి వెతుక్కుంటూ ఏడు సముద్రాలు దాటి వెళ్లాడు. తిరిగిరాలేదు. రెండోవాడు వెళ్లాడు. తిరిగిరాలేదు. మూడోవాడు అమరకేతు లేచాడు.

"నీకు కంచు గురించి ఏం తెలుసయ్యా?" అని నవ్వి, కంచరి పిల్ల పైడమ్మ కుంపటి చంకన పెట్టుకుని తనూ బయల్దేరింది.

ఒక గద్ద వాళ్లను వీపున ఎక్కించుకుంది. "గిన్నెల్లో వాడు కలిపేది సీసం. వాడి ప్రాణం కూడా నువ్వుగింజంత సీసంలోనే, ఒక కంచు చిలుకలో ఉంది," అని దారిలో చెప్పింది.

గద్ద దింపిన చోట మాంత్రికుడి ముందు ఒకేలాంటి మూడు కంచు చిలుకలు. పక్కన కంచు బొమ్మలై అన్నలిద్దరూ.

"నా ప్రాణమున్న చిలుక ఏదో చెప్పండర్రా! కొయ్యకూడదు, కరిగించకూడదు. పెద్దోడు తూచాడు, రెండోవాడు రంగు చూశాడు. తప్పితే వాళ్ల పక్కనే మీకూ చోటుంది!"

పైడమ్మ వేలిమెటికతో కొట్టి చూసింది. మూడూ ఒకేలా ఖంగుమన్నాయి. "ఇంత చిన్న కల్తీ మోతకు దొరకదు," అంటూ కుంపటి రాజేసి, మూడింటినీ దానిమీద పెట్టింది. ఎంతసేపు చూసినా ఏమీ లేదు. అమరకేతుకు ఒళ్లు మండిపోయింది. ఊదుగొట్టం లాక్కున్నాడు.

"ఊదవోయ్, గట్టిగా ఊదు!" అని మాంత్రికుడు కవ్వించాడు.

"ఆగు! కోపం గుండెల్లో పెట్టుకో, కుంపట్లో పెట్టకు. కంచు కరిగితే వాడు గెలిచినట్టే. సీసానికి సన్నసెగ చాలు," అంది పైడమ్మ.

సెగ పెంచకుండా చూశారు. మొదటి చిలుక పొడిగానే ఉంది. రెండోదీ పొడిగానే ఉంది. మూడోదాని ముక్కు మీద చెమటబొట్టులా బూడిదరంగు చుక్క!

"ఇదే!" అని అమరకేతు ఆ చుక్కను రాతిమీద రాల్చి పైడమ్మ సుత్తితో కొట్టాడు. మాంత్రికుడు పొగైపోయాడు. అన్నలు కళ్లు నులుముకుంటూ లేచారు.

ఇంటికొచ్చి గిన్నెలన్నీ పారేయించారు. పిల్లలు తేరుకున్నారు. అమరకేతుకూ పైడమ్మకూ పెళ్లయింది. "నువ్వే ఏలు తమ్ముడూ," అన్నారు అన్నలు. పట్టాభిషేకం నాడు పైడమ్మ ముందుగా కిరీటాన్ని కుంపటి మీద పెట్టింది.

"అమ్మాయ్! అది తాతల నాటిది, దానిమీద ముద్ర ఉంది!" అని రాజు గాభరాపడ్డాడు.

"ఉంటే ఉండనివ్వండి మావయ్యా."

అమరకేతూ పైడమ్మా నూరేళ్లు చల్లగా ఏలారు. ఏటా ఒకరోజు మాత్రం నడివీధిలో, అందరి ముందూ, కిరీటం కుంపటి ఎక్కేది.