మెరుపు తగ్గిన మట్టి

వెల్లంకి రాజ్యంలో ఖజానా ఎక్కువ వడ్డీ ఇస్తుండటంతో జనం నగలమ్మి, ఆ సొమ్ము అక్కడ దాచుకున్నారు. బంగారం ధర పడిపోతూనే ఉంది.

"ఇంకా పడుతుంది ప్రభూ! ఏనుగు మీది బంగారు అంబారీ ఇవాళే అమ్మేద్దాం. కంసాలి కొట్టున్న మా బావమరిది కొంటానంటున్నాడు," అన్నాడు కోశాధికారి.

రాజు సరేననబోయాడు.

"అమ్మకండి దొరా!" అంది మొర చెప్పుకోవడానికి ఖాళీ చేటతో వచ్చి గుమ్మంలో నిలబడ్డ కన్నెమ్మ. కంసాలి కొట్లలో ఊడ్చిన మట్టి కొని, కడిగి, బంగారు నలుసులు ఏరుకుని బతికే మనిషి.

"నీకేం తెలుసు?" కసిరాడు కోశాధికారి.

"నాకు మట్టి తెలుసయ్యా. బంగారం మీద మోజుంటే కంసాలులు నలుసు కూడా పోనివ్వరు. మోజు పోతే మట్టితోపాటు ఊడ్చేస్తారు. మూడు నెలలుగా నా చేటలో మెరుపులే. ఈ వారం ఒక్కటీ లేదు. వడ్డీ తగ్గబోతోందని, జనం మళ్ళీ బంగారం కొంటే ధర పెరుగుతుందని వాళ్ళకెవరో చెప్పుంటారు."

వడ్డీ తగ్గించాలని తలుపులు మూసుకుని అనుకున్నది రాజూ, కోశాధికారీ మాత్రమే! ఆయన సింహాసనం దిగొచ్చి, ఆమె చేతిలోని ఖాళీ చేటను శాసనం చదివినట్టు చూశాడు.

"ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు మెల్లగా.

"అది నాకు తెలీదు దొరా. అందరికంటే ముందు ఎవరి కొట్టు మట్టిలో మెరుపు ఆగిపోయిందో మాత్రం చెప్పగలను."

ఆమె ఆ కొట్టువాడి పేరు చెప్పేలోపే కోశాధికారి రాజు కాళ్ళ మీద పడ్డాడు.