అటక దులుపు నోము

పూర్వమొకనాడు పర్ణశీలుడను ముని శ్వేతకేశ మహర్షిని సమీపించి, తిండికి బట్టకు లోటులేని యిండ్లలో సైతము మనుష్యులు ఒకరినొకరు నమ్మకుండుటకు కారణమేమని అడిగెను. మహర్షి ఆయన భుజముపైనున్న నాలుగు నారచీరలను చూచి నవ్వి, దానికి అటక దులుపు నోము విరుగుడని పలికి ఈ కథ చెప్పెను.

కంకణవరమను పురమున తిలకవతి యను ఇల్లాలు గలదు. ఆమె దేనిని పారవేయదు. చిల్లుపడిన చెంబు, పీట విరిగిన కత్తిపీట, తెగిన చేటలు, ఎవరి పెండ్లికో వేసిన పందిరిగుంజలు, అన్నియు ఎప్పటికైన పనికివచ్చునని అటకపై చేర్చెను. అటక నిండగా నడవలో పేర్చెను. ఇంటిల్లిపాదియు ప్రక్కవాటుగా నడచుట నేర్చిరి.

ఒక శుక్రవారము అత్తగారి వెండి కుంకుమభరిణె కనబడలేదు. అంత సామానులో వెదకుటకంటె మనిషిని అనుమానించుట తేలిక గదా! తిలకవతి తన తోడికోడలైన నీలవేణిని వీధిగుమ్మమున నిలిపి దొంగయని అరచెను. నీలవేణియు ఆమె భర్తయు ఊరి చివర పాక వేసికొని పోయిరి.

భరిణె రాలేదు, అనుమానము పోలేదు. తిలకవతి నేతిగిన్నెకు బొగ్గుతో గీత గీసెను. మరునాడు ఆ గీతను ఎవరో జరిపిరని అనుమానించెను. పనివారు మానుకొనిరి. పాడి తగ్గెను, గాదెలు పురుగుపట్టెను. చిన్నకోడలిపై బెంగతో అత్తగారు మంచము పట్టెను.

అంతట శ్రీమహాలక్ష్మి ముసలి ముత్తైదువ రూపమున వచ్చి, కూర్చుండుటకు చోటడిగెను. తిలకవతి ముందు సంచి దులిపి చూపుమనెను. అమ్మవారు కోపింపక దులిపి చూపి, "నా సంచిలో ఏమీ లేదు తల్లీ, నీ ఇంట్లో చోటు లేదు" అనెను. మూడు శుక్రవారములు సామాను దించి, ఒక్కొక్కటి చేతబట్టి ఇది ఎవరికి పనికివచ్చునని అడుగవలెననియు, పనికివచ్చునది అక్కరగలవారికిచ్చి తక్కినది ఇల్లు దాటింపవలెననియు, పోయినది దొరికినచో పట్టపగలు నలుగురికి చూపవలెననియు చెప్పి వెడలెను.

తిలకవతి ఆమెను నమ్మలేదు. ఐనను అత్తగారి జబ్బుకు భయపడి నోము పట్టి, సామానంతయు నీలవేణి విడిచిన గదిలో కుక్కి తలుపు వేసి, తుడిచిన నడవలో ముగ్గుపెట్టి పూజించెను. అత్తగారి జబ్బు ముదిరెను. భర్త ఆ గది తెరచి, "ఇంత దాచినదానివి, భరిణె కూడా నువ్వే దాచావేమో!" అనెను. నీలవేణి ఆనాడెట్లు నిలిచెనో తిలకవతికి అప్పుడు తెలిసెను.

మరల మొదటినుండి నిజముగా దులుపసాగెను. మూడవ శుక్రవారమున తెగిన చేటల క్రింద, పాత చీర చుట్టలో భరిణె దొరికెను. పెండ్లికి పోవుచు, ఎవరు తీయుదురో యని తానే దాచి మరచెను! చుట్టును చూచెను, ఎవరును లేరు. నూతిలో వేసినచో తానే గెలుచునని తోచెను. లోపల అత్తగారు కలవరించుచు నీలవేణిని పిలిచెను. తిలకవతి భరిణెను పళ్లెరమున నుంచుకొని మిట్టమధ్యాహ్నము పాకకు పోయి, తానే దాచి మరచితినని మెల్లగా చెప్పెను.

నీలవేణి లోపలికి రమ్మనలేదు. "దొరికిందిగా, సంతోషం అక్కా. నన్ను దొంగ అన్నప్పుడు వీధంతా విన్నారు. ఇప్పుడు నా చెవిలో చెబితే ఎలా?" అనెను.

తిలకవతి వీధి నడుమ నిలిచి, "మా నీలవేణి ఏమీ తియ్యలేదు! నేనే దాచి, నేనే మరిచి, దాన్ని దొంగని చేశాను!" అని ముమ్మారు అరచెను. నీలవేణి చెంగుతో కన్నులు తుడుచుకొనుచు వచ్చి చేయి పట్టుకొని, "చాల్లే అక్కా. పద, అత్తయ్య ఏమన్నా తిన్నదా?" అనెను.

ఇరువురు ఇల్లు చేరిరి. అత్తగారు లేచి గంజి త్రాగెను. పాడి పెరిగెను, గాదెలు నిండెను, శ్రీమహాలక్ష్మి అడుగకయే నడవలో కూర్చుండెను.

కావున అత్తలు, కోడండ్రు, మగవారు, ముఖ్యముగా తాళపుచెవులు మొలనుంచుకొనువారు ఈ నోము నోచవలెను. నోచినవారికి పోయినవి దొరకును, విడిపోయిన పొయ్యిలు కలియును, కంటికి నిద్ర పట్టును. సామాను గది మార్చి నోచితిమనువారికి ఫలము లేదు. విన్నవారు అక్షతలు తలపై వేసికొని, తామెవరిని అనుమానించుచున్నారో వారి పేరు ఇచ్చటనే, అందరు వినుచుండగా చెప్పవలెను. చెప్పువరకు ప్రసాదము పంచరాదు.